హలీం పుట్టుపూర్వోత్తరాలు

రంజాన్ నెలలో చార్మినార్ దాటి శాలిబండ వైపు వెళ్తే ఇటుక, మట్టితో కట్టిన భట్టీలు, వాటిలో దింపిన దేగ్‌లు, అంటే పెద్ద పెద్ద వంట పాత్రలు, కనిపిస్తాయి. గోధుమలు, మటన్, పప్పులు, నెయ్యి కట్టెల సెగ మీద పది పన్నెండు గంటలు ఉడకాలి. అసలు కష్టం ఆ తర్వాతే. మాంసం పీచుకు, గోధుమకు తేడా తెలియనంతగా మనుషులు నిలబడి పొడవాటి కర్రలతో దంచుతూనే ఉంటారు. ఆ దంపుడులోనే ఉంది రుచంతా.

హలీంకు మూలం అరబ్బుల వంటకం హరీస్. పదో శతాబ్దంలో బాగ్దాద్‌లో ఇబ్న్ సయ్యార్ అల్ వర్రాఖ్ రాసిన వంటల పుస్తకంలోనే అది ఉంది. నిజాం సైన్యంలో చేరిన యెమెన్ అరబ్బులు దాన్ని వెంట తెచ్చుకున్నారు. వాళ్ల వారసులైన చావుష్‌లు ఉండే హైదరాబాద్ బార్కస్ ప్రాంతంలో నేటికీ హరీస్ దొరుకుతుంది. దానిలో మసాలా తక్కువ. మన ఊరి వంటవాళ్ల చేతిలో పడ్డాక అల్లం వెల్లుల్లి, మిరియాలు, వేయించిన ఉల్లి, నిమ్మరసం చేరి హైదరాబాదీ హలీం అయింది. 1997లో శాలిబండలో మొదలైన పిస్తా హౌస్ దాన్ని ఊళ్లు దాటించింది. 2010లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. దేశంలో మాంసాహారానికి ఆ గుర్తింపు దక్కడం అదే మొదలు.

రంజాన్‌లో హలీం తినమని ఏ గ్రంథమూ చెప్పలేదు. రోజా, అంటే ఉపవాసం, మాత్రం విధి. షహాదా, నమాజ్, జకాత్, హజ్‌లతో పాటు ఇస్లాం ఐదు మూలస్తంభాల్లో అదొకటి. హిజ్రీ రెండో ఏట, అంటే 624లో, విధిగా మారింది. తెల్లవారకముందు సెహరీ తిన్నాక సూర్యాస్తమయం దాకా మంచినీళ్లు కూడా ముట్టరు. జబ్బుపడినవాళ్లకు, ప్రయాణంలో ఉన్నవాళ్లకు మినహాయింపు ఉంది. తర్వాత ఆ రోజులు పూర్తిచేసుకోవాలి. ఖర్జూరంతో ఇఫ్తార్ చేసి, మగ్రిబ్ నమాజ్ అయ్యాక, రాత్రి తరావీహ్ నమాజ్‌లో చాలాసేపు నిలబడాల్సిన ఒంటికి మెత్తగా ఉండి బలమిచ్చే తిండి కావాలి. హలీం ఈ నెలకు అతుక్కుపోయింది అందుకే.

దేగ్‌లోకి వెళ్లే మాంసం హలాల్‌ది కావాలి. అల్లా పేరు తలచి, గొంతు కోసి, రక్తం కారిపోనివ్వాలి. చచ్చిన జంతువు, రక్తం, పంది మాంసం హరాం. అయితే ఆకలితో గత్యంతరం లేక తిన్నవాడికి పాపం అంటదని ఖురానే చెబుతుంది. ఆహార నియమాలన్నిటిలో నాకు గొప్పగా అనిపించేది ఈ మాటే. ప్రాణం నిలుపుకోవడానికి తిన్న మనిషిని అది దోషిగా నిలబెట్టదు.

ఈసారి హలీం కోసం శాలిబండ వెళ్తే మగ్రిబ్ అజాన్ వేళ కాస్త ఆగండి. పొద్దుటి నుంచి రోజా ఉన్నవాళ్లను ముందు తిననివ్వండి.