అద్దెలు వసూలు చేస్తూ మిల్లు జనాన్ని గీసిన లౌరీ

ఇంగ్లండ్ చిత్రకారుడు లారెన్స్ స్టీఫెన్ లౌరీ 1887 నవంబర్ 1న మాంచెస్టర్ పక్కనున్న స్ట్రెట్‌ఫర్డ్‌లో పుట్టారు. తండ్రి గుమస్తా. 1909లో డబ్బు ఇబ్బందులొచ్చి ఆ కుటుంబం చెట్లున్న మంచి పేట వదిలి, మిల్లు గొట్టాల మధ్యనున్న పెండిల్‌బరీకి మారింది. మొదట్లో లౌరీకి ఆ ఊరంటే గిట్టలేదు. తర్వాత జీవితమంతా దాన్నే గీశారు.

1910 నుంచి 1952లో రిటైరయ్యే దాకా ఆయన ఒక ప్రాపర్టీ కంపెనీలో ఉద్యోగి. కార్మికుల ఇళ్ల తలుపు తట్టి అద్దె వసూలు చేయడం అందులో పెద్ద భాగం. బొమ్మలు సాయంత్రం తరగతుల్లో నేర్చుకున్నారు, ఫ్రెంచ్ చిత్రకారుడు అడాల్ఫ్ వాలెట్ అక్కడ గురువు. 'ఆదివారం చిత్రకారుడు' అని తీసిపారేస్తారన్న భయంతో ఈ ఉద్యోగం సంగతి కళాలోకానికి తెలియనివ్వలేదు. చాలామందికి ఆయన చనిపోయాకే తెలిసింది.

వాడినవి ఐదే రంగులు: నలుపు, ఎరుపు, నీలం, పసుపుమట్టి, తెలుపు. బొమ్మలు మరీ చీకటిగా ఉన్నాయని ఒక విమర్శకుడు అన్నాక నేపథ్యమంతా తెలుపు చేశారు. దాని మీద నల్లటి మనుషులు అగ్గిపుల్లల్లా నిలబడ్డారు. నీడలుండవు.

1928 నాటి 'ది రిమూవల్'లో ఇల్లు ఖాళీ చేయించిన కుటుంబం సామాను వీధిలో పడి ఉంటుంది. అద్దె వసూలు చేసే మనిషి గీసిన బొమ్మ అది! గడప ఏ వైపు నిలబడి గీశారన్న ప్రశ్న వదలదు. 'యాన్ యాక్సిడెంట్' (1926)లో మూగిన జనమే కనిపిస్తారు, జరిగిందేమిటో కనిపించదు. మాంచెస్టర్ గ్యాలరీ 1930లో దాన్ని కొన్నది. ఒక లోటు చెప్పుకోవాలి: మిల్లు లోపలి పని, యంత్రం దగ్గరి చేతులు ఆయన బొమ్మల్లో దాదాపు లేవు. గేటు బయటే ఆగిపోయారు.

1932లో తండ్రి పోయాక మంచం పట్టిన తల్లికి సేవ చేస్తూ, ఆమె నిద్రపోయాక అర్ధరాత్రి దాటేవరకు గీసేవారు. 1939లో లండన్‌లో తొలి సొంత ప్రదర్శన జరిగింది. అదే ఏడాది తల్లి పోయింది. పెళ్లి చేసుకోలేదు. 1948 నుంచి మాట్రమ్ అనే ఊళ్లో ఒంటరిగా ఉన్నారు. పిలవని అతిథులు వస్తే 'ఇప్పుడే ఊరెళ్తున్నా' అనడానికి తలుపు దగ్గర పెట్టె పెట్టుకునేవారట. సర్ బిరుదుతో సహా ఐదు ప్రభుత్వ గౌరవాలు వద్దన్నారు.

1976 ఫిబ్రవరి 23న మరణించారు. ఫుట్‌బాల్ ఆటకు వెళ్తున్న జనాన్ని గీసిన 'గోయింగ్ టు ది మ్యాచ్' (1953)ను ఆటగాళ్ల ఛారిటీ సంస్థ 2022లో వేలానికి పెట్టింది. సాల్ఫర్డ్‌లో ఆయన పేరిట వెలిసిన కళాకేంద్రం దాన్ని 78 లక్షల పౌండ్లకు కొన్నది. అక్కడ గ్యాలరీ చూడ్డానికి టికెట్ లేదు.