ప్రభుత్వ గ్రంథాలయాల సేవలు: వనరుల పాత్ర

నిధులు, పుస్తకాలు, సిబ్బంది, భవనం గ్రంథాలయానికి ప్రాథమిక వనరులు. ఇటీవలి దశాబ్దాలలో కంప్యూటర్లు, అంతర్జాల సదుపాయం వీటికి తోడయ్యాయి. వీటిలో ఏ ఒక్కటి కొరవడినా మిగిలినవాటి ప్రయోజనం సన్నగిల్లుతుంది. ఆ లోటు ముందుగా తగిలేది పుస్తకం కొనుక్కునే స్తోమత లేని పాఠకుడికే. పోటీ పరీక్షలకు సిద్ధమయ్యే నిరుద్యోగులు, ఇరుకు ఇళ్లలో చదువుకునే చోటు లేని విద్యార్థులు, దినపత్రికల కోసం వచ్చే వృద్ధులు ప్రభుత్వ గ్రంథాలయాలపై ఎక్కువగా ఆధారపడుతున్నారు.

చట్టం, పన్ను

రాజ్యాంగం ఏడవ షెడ్యూలు ప్రకారం రాష్ట్ర ప్రభుత్వాల నిర్వహణలో లేదా ఆర్థిక సహాయంతో నడిచే గ్రంథాలయాలు రాష్ట్ర జాబితాలోని అంశం. కోల్‌కతాలోని జాతీయ గ్రంథాలయం మాత్రం కేంద్ర జాబితాలో ఉంది. అందువల్ల దేశమంతటికీ వర్తించే ఒకే నిధుల విధానం లేదు.

స్వతంత్ర భారతంలో తొలి పౌర గ్రంథాలయ చట్టం 1948లో మద్రాసు రాష్ట్రంలో వచ్చింది. దాని రూపకల్పనలో ఎస్.ఆర్. రంగనాథన్ కృషి ప్రధానమైనది. ఆస్తి పన్నుతోపాటు గ్రంథాలయ పన్ను వసూలు చేయడం ఆ చట్టంలోని కీలకాంశం. హైదరాబాదు రాష్ట్రం 1955లో సొంత చట్టం చేసుకుంది. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన తరువాత ఈ రెండింటి స్థానంలో 1960 నాటి పౌర గ్రంథాలయ చట్టం అమలులోకి వచ్చింది. కర్ణాటక 1965లోను, కేరళ 1989లోను చేసిన చట్టాలలో గ్రంథాలయ పన్ను ఉంది. 1967 నాటి మహారాష్ట్ర చట్టంలోను, 1979 నాటి పశ్చిమ బెంగాల్ చట్టంలోను అది లేదు. అక్కడి గ్రంథాలయాలకు బడ్జెట్ కేటాయింపులే ఆధారం. కొన్ని రాష్ట్రాలలో ఇప్పటికీ గ్రంథాలయ చట్టమే లేదు.

తెలుగు రాష్ట్రాలలో ఇంటి పన్నులో ప్రతి రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను వసూలవుతుంది. పురపాలక సంఘాలు, గ్రామ పంచాయతీలు దీనిని వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి. ఇంటి యజమాని పన్ను కట్టినా ఆ సొమ్ము గ్రంథాలయానికి సకాలంలో చేరకపోవడం, బకాయిలు పేరుకుపోవడం ఈ విధానంలో దీర్ఘకాలిక సమస్య.

ఈ విధానంలో మరో అసమానత ఉంది. ఖరీదైన భవనాలున్న నగరాలలో ఇంటి పన్ను ఎక్కువ కాబట్టి గ్రంథాలయ పన్ను కూడా ఎక్కువే వస్తుంది. ఇళ్ల విలువ తక్కువగా ఉండే వెనుకబడిన ప్రాంతాలలో రాబడి స్వల్పం. గ్రంథాలయం అవసరం అధికంగా ఉన్నచోటే నిధులు తక్కువగా ఉంటాయి. ప్రభుత్వ గ్రాంటు ఈ తేడాను పూడ్చకపోతే శాఖా గ్రంథాలయం పత్రికల చందాలతోనే సరిపెట్టుకోవలసి వస్తుంది.

పుస్తక సేకరణ

1954 నాటి పుస్తకాల అప్పగింత చట్టం ప్రకారం ప్రచురణకర్తలు ప్రతి పుస్తకం ప్రతులను కోల్‌కతా జాతీయ గ్రంథాలయంతోపాటు చెన్నై, ముంబయి, దిల్లీలలోని నిర్దేశిత గ్రంథాలయాలకు సొంత ఖర్చుతో పంపాలి. దీనిని ఉల్లంఘించినవారికి చట్టం విధించిన జరిమానా రూ. 50 వరకు, దానికి తోడు పుస్తకం వెల. జాతీయ సేకరణలో ఖాళీలు ఏర్పడటానికి ఈ నామమాత్రపు శిక్ష కూడా ఒక కారణం.

జిల్లా, శాఖా గ్రంథాలయాలకు ఇటువంటి హక్కు లేదు. అవి కొనుగోలు మీద, విరాళాల మీద ఆధారపడతాయి. రామ్మోహన్ రాయ్ ద్విశతజయంతి సందర్భంగా 1972లో కోల్‌కతా కేంద్రంగా ఏర్పడిన రాజా రామ్మోహన్ రాయ్ గ్రంథాలయ సంస్థ పుస్తకాల కొనుగోలుకు, భవనాలకు కేంద్ర సాయం అందిస్తుంది. దాని ప్రధాన పథకాలలో రాష్ట్ర వాటా తప్పనిసరి. రాష్ట్రం తన వాటా చెల్లించకపోతే ఆ మేరకు కేంద్ర సాయం కూడా అందదు.

సిబ్బంది, బీరువా తాళాలు

రంగనాథన్ 1931లో ప్రతిపాదించిన అయిదు గ్రంథాలయ సూత్రాలలో పాఠకుడి సమయాన్ని ఆదా చేయడం ఒకటి. కావలసిన పుస్తకం ఎక్కడుందో చెప్పేవారు లేనిదే ఆ సూత్రం అమలు కాదు. ఉద్యోగ విరమణల వల్ల ఏర్పడిన ఖాళీలు భర్తీ కాకపోతే ఒకే గ్రంథాలయాధికారి రెండు మూడు శాఖలు చూడవలసి వస్తుంది. అప్పుడు పనివేళలు తగ్గుతాయి, సూచికల తయారీ నిలిచిపోతుంది, కొత్త పుస్తకాలు నమోదు కాకుండా కట్టలుగానే ఉండిపోతాయి.

పుస్తకం పోతే తామే చెల్లించవలసి వస్తుందన్న భయం సిబ్బందిని బీరువాలకు తాళాలు వేసేలా చేస్తుంది. కేంద్ర ప్రభుత్వ సంస్థలకు వర్తించే 2017 నాటి సాధారణ ఆర్థిక నియమావళి ఈ విషయంలో కొంత వెసులుబాటు ఇచ్చింది. ఏడాదిలో పాఠకులు వినియోగించిన ప్రతి వెయ్యి సంపుటాలకు 5 వరకు పోవడాన్ని, నిర్లక్ష్యం గాని నిజాయితీ లోపం గాని లేనప్పుడు, సహజ నష్టంగా పరిగణించవచ్చు. రూ. 1,000 కంటే ఎక్కువ వెల ఉన్న పుస్తకాలు, అరుదైన గ్రంథాలు పోతే మాత్రం విచారణ జరపాలి.

డిజిటల్ సేవల పరిధి

ఐఐటీ ఖరగ్‌పూర్ అభివృద్ధి చేసిన భారత జాతీయ డిజిటల్ గ్రంథాలయం 2018 జూన్ 19న జాతికి అంకితమైంది. దానిని ఎవరైనా ఉచితంగా ఉపయోగించుకోవచ్చు. అయితే శాఖా గ్రంథాలయంలో పనిచేసే కంప్యూటరు, నిలకడైన అంతర్జాలం, వాడకం నేర్పే సిబ్బంది ఉన్నప్పుడే అది గ్రామీణ పాఠకుడికి చేరుతుంది. పరిశోధన పత్రికల కోసం 2025 నుంచి మూడేళ్లకు రూ. 6,000 కోట్లతో కేంద్రం చేపట్టిన ‘ఒకే దేశం, ఒకే చందా’ పథకం ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థలకు, పరిశోధన సంస్థలకు ఉద్దేశించినది. అటువంటి సంస్థలలో లేని సాధారణ పాఠకుడికి పౌర గ్రంథాలయమే దిక్కు.

పౌరులు అడగదగిన లెక్కలు

గ్రంథాలయ సేవలను భవనాల సంఖ్యతోనే అంచనా వేస్తే అసలు స్థితి తెలియదు. వసూలైన గ్రంథాలయ పన్ను ఎంత, అందులో గ్రంథాలయ సంస్థకు జమ అయినది ఎంత, ఏడాదిలో కొన్న కొత్త పుస్తకాలు ఎన్ని, ఖాళీగా ఉన్న ఉద్యోగాలు ఎన్ని, రోజుకు ఎన్ని గంటలు తెరిచి ఉంటోంది అన్న వివరాలు అందుకు అవసరం. 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద స్థానిక సంస్థల నుంచి, జిల్లా గ్రంథాలయ సంస్థ నుంచి ఈ లెక్కలను ఏ పౌరుడైనా కోరవచ్చు. ఇంటి పన్ను రసీదులో గ్రంథాలయ పన్ను కట్టిన ప్రతి కుటుంబానికీ ఆ సొమ్ము ఏమైందో తెలుసుకునే హక్కు ఉంది.