ఫ్యూయల్ పంపు: చేరవేత నుంచి ఒత్తిడి దాకా

తొలినాటి పెట్రోలు కార్లలో చాలావాటికి ఫ్యూయల్ పంపే లేదు. ట్యాంకు ఎత్తున, కార్బురేటర్ పల్లాన ఉండేవి. పెట్రోలు తనంతట తానే దిగి వచ్చేది. 1908లో వచ్చిన ఫోర్డ్ మోడల్ టీలో ట్యాంకు సీటు కింద ఉండేది. పెట్రోలు తక్కువగా ఉన్నప్పుడు నిటారు చడావు ఎక్కితే కారు ముందుభాగం పైకి లేచి, కార్బురేటర్‌కు పెట్రోలు అందక ఇంజను ఆగిపోయేది. అందుకే అలాంటి చోట రివర్సులో ఎక్కించేవారు.

ట్యాంకు కారు వెనక భాగంలో కిందికి చేరాక పెట్రోలును పైకి లాగే సాధనం కావలసి వచ్చింది. 1920ల చివర నుంచి డయాఫ్రం పంపు వాడుకలో స్థిరపడింది. ఇంజను క్యామ్‌షాఫ్ట్ ఒక మీటను ఆడిస్తుంది. మీట ఒక మెత్తని పొరను లాగి వదులుతుంది. దాని ఒత్తిడి సుమారు 0.3 బార్. కార్బురేటర్‌లోని ఫ్లోట్ చాంబర్ నిండడానికి అంత చాలు. మించితే పెట్రోలు రాకను ఆపే నీడిల్ వాల్వును తోసుకుని కార్బురేటర్ పొంగుతుంది. ఆ కాలంలో పంపు పని పెట్రోలును చేరవేయడమే.

ఇంజెక్షన్ ఆ పనిని మార్చింది. 1954 నాటి మెర్సిడెస్-బెంజ్ 300 ఎస్‌ఎల్‌లో బాష్ ఇంజెక్షన్ పంపు ఇంజను బలంతో తిరుగుతూ, పెట్రోలును కొలిచి నేరుగా సిలిండర్లలోకి చిమ్మేది. ఇగ్నిషన్ ఆపినా ఇంజను పూర్తిగా నిలిచేదాకా అది చిమ్ముతూనే ఉండేది. మండని ఆ పెట్రోలు సిలిండర్ గోడల మీది ఆయిల్‌ను కడిగి, కింది ఆయిల్‌లో కలిసేది.

1967లో బాష్ డి-జెట్రానిక్ ఫోక్స్‌వాగన్ 1600తో వచ్చి, కొలతను పంపు నుంచి విడదీసింది. ఇంజెక్టర్ ఎంతసేపు తెరుచుకోవాలో ఎలక్ట్రానిక్ పరికరం నిర్ణయిస్తుంది. తెరుచుకున్నప్పుడల్లా సుమారు 2 బార్ ఒత్తిడి నిలకడగా ఉండేలా కరెంటు పంపు, ఒత్తిడిని అదుపుచేసే రెగ్యులేటర్ కలిసి చూసుకుంటాయి. పంపు మోటారు పెట్రోలులోనే మునిగి తిరుగుతుంది. లోపల గాలి ఉండదు కాబట్టి రవ్వ పుట్టినా అంటుకోదు; పారే పెట్రోలే మోటారును చల్లబరుస్తుంది. 1973లో వచ్చిన కె-జెట్రానిక్‌లో ఒత్తిడి 5 బార్ దాకా పెరిగింది.

మొదట్లో ఈ పంపులను కారు అడుగున, ట్యాంకు బయట బిగించేవారు. వేడెక్కిన పెట్రోలును గొట్టంలోంచి పీలిస్తే అక్కడ ఒత్తిడి పడిపోయి, పెట్రోలు ఆవిరై పంపుకు పట్టు దొరకదు. ఈ రకం పంపుకు నెట్టడం తేలిక, పీల్చడం కష్టం. అందుకే తర్వాతి కార్లలో అది ట్యాంకులోకి చేరింది.

టర్బో కార్లతో మరో లెక్క ముందుకొచ్చింది. ఇంజెక్టర్ చివర టర్బో గాలి ఎదురుతోస్తుంది కాబట్టి, ఆ మేరకు పెట్రోలు ఒత్తిడినీ రెగ్యులేటర్ పెంచాలి: మామూలు ఒత్తిడి 3 బార్, టర్బో ఒత్తిడి 1 బార్ అయితే పంపు 4 బార్ దగ్గర పనిచేయాలి. టర్బో ఇంజనుకు హార్స్‌పవర్‌కు గంటకు సుమారు 270 గ్రాముల పెట్రోలు కావాలనుకుంటే, 400 హార్స్‌పవర్‌కు 108 కిలోలు, అంటే దాదాపు 146 లీటర్లు. ఐదో వంతు మిగులు కలిపితే 175 లీటర్లు. 85 శాతం ఇథనాల్ ఉన్న ఇంధనానికి ఇంచుమించు మరో మూడో వంతు చేర్చాలి.

ఒత్తిడి పెరిగేకొద్దీ పంపు ఇచ్చే ప్రవాహం తగ్గుతుంది. కనుక పంపు పేరుతో ప్రచారమయ్యే లీటర్ల అంకె సరిపోదు. 4 బార్ దగ్గర ఎంత ఇస్తుందో ప్రవాహ పట్టికలో చూడాలి. సన్నని వైర్లలో వోల్టేజీ పడిపోయినా ప్రవాహం తగ్గుతుంది. మరీ పెద్ద పంపు పెట్టినా చిక్కే: మిగులు పెట్రోలును ట్యాంకుకు తిప్పి పంపే రిటర్న్ గొట్టం దాన్ని మోయలేక ఐడ్లింగ్‌లో ఒత్తిడి పెరుగుతుంది, తిరిగి తిరిగి వచ్చే పెట్రోలు వేడెక్కుతుంది.

1996లో మిత్సుబిషి గాలంట్ పెట్రోలును మళ్లీ నేరుగా సిలిండర్లలోకి, 50 బార్ ఒత్తిడితో పంపింది. ఈ తరహా ఇంజన్లలో ట్యాంకులోని పంపు కొద్దిపాటి ఒత్తిడితో పెట్రోలును ముందుకు అందిస్తుంది. ఇంజను మీది మరో పంపు దాన్ని పెద్ద ఒత్తిడికి చేరుస్తుంది. శక్తి పెంచదలచినప్పుడు ఈ రెండింటి సామర్థ్యాన్నీ విడివిడిగా లెక్కించాలి.