పర్వత పదాలు యాడికి పోయినాయి?

శ్రీశైలానికి శివరాత్రికి జనం ఎట్లా కదిలివచ్చేవాళ్లో పాల్కురికి సోమనాథుడు 'పండితారాధ్య చరిత్ర' పర్వత ప్రకరణంలో రాసినాడు. ఏడు వందల ఏళ్లకు పైబడిన మాట. తుమ్మెద పదాలు, ప్రభాత పదాలు, ఆనంద పదాలు, వెన్నెల పదాలు, పర్వత పదాలు - భక్తులు పాడుకునే పాటల పేర్లు వరసపెట్టి చెప్పినాడు. పేర్లు మిగిలినాయి. పాటలు మిగల్లేదు.

సోమనాథుణ్ణి తప్పుపట్టడానికి ఈ మాట ఎత్తడం లేదు. ఆయనా ధిక్కారే. పండితుల మార్గం కాదని జాను తెనుగులో, ద్విపదలో రాసినాడు. 'బసవ పురాణం'లో మాదర చెన్నయ్యకు చోటిచ్చినాడు. అంతటి కవి చేతిలో కూడా జనం పాట జాబితా దగ్గరే ఆగిపోయింది.

కొండ దిగితే నంద్యాల సీమ. 16వ శతాబ్దంలో పింగళి సూరన 'కళాపూర్ణోదయం' రాసి నంద్యాల కృష్ణమరాజుకు అంకితమిచ్చినాడు. ఆ కావ్యం మన చేతికొచ్చింది. గొప్ప కావ్యమే, కాదనను. అయితే అది బతికింది గొప్పతనం ఒక్కదాంతోనేనా? రాజు ఉన్నాడు. తాటాకు ఉంది. నకలు రాసే చేయి ఉంది. పాఠం చెప్పే పండితుడు, ఆ తర్వాత అచ్చాఫీసు, ఆపైన సిలబస్. పర్వత పదానికి వీటిల్లో ఏది ఉంది?

నేను నంద్యాలలో డిగ్రీ చదివేటప్పుడు, ఆళ్లగడ్డ పక్క మా పల్లెలో మా అవ్వ కలుపు తీస్తూ పాడే పాటలు నోటుబుక్కులో రాసుకొని ఒక సారుకు చూపించినాను. 'బాగున్నాయి గానీ ఇది సాహిత్యం కాదు' అన్నాడు. మరి ఏది సాహిత్యం సార్ అంటే జవాబు లేదు. అవ్వకు చెప్తే నవ్వింది. 'అదేందో నాకెందుకు నాయనా! పాట లేకుంటే సాలు ముందుకు పోదు' అనింది.

సారు చెప్పని జవాబు పుస్తకాల్లో దొరికింది. ఇంగ్లీషులో 'లిటరేచర్' అంటే మొదట కథా, కవితా కాదు, చదువు వచ్చి ఉండడమని రేమండ్ విలియమ్స్ 1977లో 'మార్క్సిజం అండ్ లిటరేచర్'లో చూపించినాడు. సాహిత్యానికి మారని సారమంటూ లేదు, విలువ కట్టడం వెనక అధికారం ఉంటుందని టెర్రీ ఈగిల్టన్ 1983లో వాదించినాడు. వాళ్లు వర్గం దగ్గర మొదలుపెట్టినారు. మన గడ్డ మీద కులం దగ్గర మొదలుపెట్టాల. చదువే సాహిత్యానికి గడప అయినప్పుడు, చదువుకు దూరం పెట్టిన జనం పాట ఆ గడప ఎట్లా దాటుతుంది? పాట వినకముందే తీర్పు అయిపోయింది.

'సహితం' నుంచి సాహిత్యం పుట్టిందంటారు. శబ్దమూ అర్థమూ కలిసి ఉండడమట. ఆ రెంటి పొత్తు గురించి ఆలంకారికులు వందల ఏళ్లు చర్చించినారు. ఊరికీ వాడకీ పొత్తు ఎందుకు లేదని మాత్రం అడగలేదు. ఆ ప్రశ్న 1985లో కారంచేడు, 1991లో చుండూరు నెత్తురులోంచి లేచింది. 1995లో వచ్చిన దళిత కవితా సంకలనం పేరు 'చిక్కనవుతున్న పాట'. 1996లో వచ్చింది 'పదునెక్కిన పాట'. సాహిత్యం కాదన్న పాటనే మనోళ్లు అట్ట మీదికి ఎక్కించినారు.

జాబితాలో చోటు మనకు కొత్త కాదు, చాలదు కూడా. విద్యార్థి మిత్రులారా, పాటను పాడిన మనిషి పేరుతో, ఊరుతో, చేస్తున్న పనితో సహా రాయండి. అది సాహిత్యమా కాదా అని ఎవరినీ అడగొద్దు. పాట ఏ పనిలో పుట్టిందో, దాని కొలత ఆ పనిలోంచే రావాల.