పేరు లేని పలహారపు కొట్టు

మా తిరుత్తణి ఉన్న చోటు నుంచి ఒక్క అడుగు కూడా కదలలేదు గాని, జిల్లాలు మాత్రం నాలుగు చూసింది. 1911 దాకా ఉత్తర ఆర్కాటు జిల్లాలో, కార్వేటినగరం జమీందారీ కింద ఉండేది. ఆ ఏడు ఏప్రిల్‌లో చిత్తూరు జిల్లా ఏర్పడితే అందులో చేరింది. 1960 ఏప్రిల్ 1న చెంగల్పట్టు జిల్లాలోకి వచ్చింది. 1997లో తిరువళ్ళూరు జిల్లా ఏర్పడినప్పుడు దానికి చెందింది. రాష్ట్రాల సంగతి ఇంకా చిత్రం. 1950లో ఇక్కడ పుట్టిన ఆడపిల్ల మద్రాసు రాష్ట్రంలో పుట్టి, 1953 నుంచి ఆంధ్ర రాష్ట్రంలోనూ, 1956 నుంచి ఆంధ్రప్రదేశ్‌లోనూ పెరిగి, పదేళ్ళ వయసులో మళ్ళీ మద్రాసు రాష్ట్రానికి వచ్చి, 1969లో ఆ రాష్ట్రమే తమిళనాడుగా పేరు మార్చుకోవడం చూసి ఉంటుంది. ఇదంతా తన ఇంటి గడప దాటకుండానే.

ఈ మార్పులన్నిటికీ ప్రభుత్వ దస్తావేజులు ఉన్నాయి. ఆ గడప పక్కన తెల్లవారకముందే రాజుకునే పొయ్యికి మాత్రం ఏ దస్తావేజూ లేదు. ఈ వేళ ఆ పొయ్యి చరిత్ర గురించే మీతో ముచ్చటించదలచుకున్నాను.

మీరెప్పుడైనా కృత్తిక నాడు సుబ్రహ్మణ్య స్వామి కొండకు వచ్చి ఉంటే, 365 మెట్లు ఎక్కి దిగాక ఆకలి వేసే ఉంటుంది. బస్టాండు దగ్గర పెద్ద హోటళ్ళు కనిపిస్తాయి. వాటిని వదిలి, వెనక వీధుల్లోకి ఒక్క మలుపు తిరగండి. ఒక ఇంటి అరుగు, దాని మీద రేకుల పంచ, ఒక ఇడ్లీ కొప్పెర, ఒక పెనం, రెండు బల్లలు. బోర్డు ఉండదు. ఎవరైనా దారి అడిగితే "నీళ్ళ ట్యాంకు పక్కన అక్క కొట్టు" అని చెబుతారు. కొప్పెర మూత తీయగానే ఆవిరి ఆమె ముఖాన్ని కప్పేస్తుంది. తడిగుడ్డ మీద నుంచి ఇడ్లీలను ఒలిచి, మందారాకులో వేసి, పైన చట్నీ పోస్తుంది. మగ్గాల పనికి వెళ్ళేవాళ్ళు, చెన్నై రైలు అందుకోవాలన్న తొందరలో ఉన్నవాళ్ళు, ఆటో నడిపేవాళ్ళు, అందరూ అక్కడే. చాలామంది నిలబడే తినేస్తారు.

కాస్త చెవి పెట్టి వినండి. "అక్కా, నాలు ఇడ్లీ, ఒరు వడై" అని అరవంలో అడుగుతారు. ఆమె అరవంలోనే "ఇదో" అంటుంది. కానీ డబ్బు లెక్క కట్టేటప్పుడు ఆమె పెదవుల మీద కదిలేది "నాలుగూ, ఒకటీ" అనే తెలుగు. నన్ను చూస్తే "ఏం సారూ, ఈ పొద్దు బడి లేదా?" అని మా చిత్తూరు యాసలో పలకరిస్తుంది. మనిషి ఎన్ని భాషలు మాట్లాడినా, లెక్క మాత్రం చిన్ననాటి భాషలోనే కడతాడని నాకో నమ్మకం. తరగతిలో పిల్లల్ని గమనించి చెబుతున్న మాట ఇది.

ఇడ్లీ మన పక్క చాలా పాతదే. పదో శతాబ్దపు కన్నడ గ్రంథం వడ్డారాధనెలో 'ఇడ్డలిగె' అన్న మాట ఉంది. పన్నెండో శతాబ్దంలో చాళుక్య రాజు మూడవ సోమేశ్వరుడి మానసోల్లాసంలో 'ఇడ్డరిక' అని వస్తుంది. అది మినపపిండితో చేసినది, బియ్యం ప్రసక్తి లేదు. ఆహార చరిత్రకారుడు కె.టి. అచయ్య ఈ తేడాను ఎత్తి చూపి, బియ్యం కలిపి పులియబెట్టి ఆవిరి మీద ఉడికించే పద్ధతి ఇండోనేషియా నుంచి వచ్చి ఉండవచ్చని ఊహించారు. గట్టి ఆధారం లేని ఆ ఊహ నాకంతగా మింగుడు పడలేదు. పిండిని రాత్రంతా పెడితే తెల్లారేసరికి పులిసి పొంగే ఈ వేడి దేశంలో, ఆ సంగతి కనిపెట్టడానికి సముద్రం దాటాలా?

ఇడ్లీ పాతదైనా, రోజూ ఇడ్లీ తినడం పాతది కాదు. మా ప్రాంతంలో కూలి ఇళ్ళలో పొద్దుటి తిండి చద్దన్నం, రాగి అంబలి, సంగటి. ఇడ్లీ, దోసె అంటే దీపావళి. ఆ ముందురోజు రోటి దగ్గర ఇంటి ఆడవాళ్ళకు చేతులు పడిపోయేవి. నాలుగు పాళ్ళు ఉప్పుడు బియ్యానికి ఒక పాలు మినపప్పు చొప్పున నానబెట్టి, పొత్రం తిప్పుతూ రుబ్బాలి. కోస్తా ఆంధ్రలో ఇడ్లీ రవ్వ కలుపుతారు కాబట్టి వాళ్ళకు శ్రమ కొంత తక్కువ. ఇక్కడ బియ్యం కూడా రుబ్బవలసిందే. పండగ పలహారం రోజువారీ తిండి కావాలంటే బియ్యం చవక కావాలి, రుబ్బే శ్రమ తగ్గాలి, పొద్దున్నే ఇల్లు వదిలి పనికి పోయే జనం పెరగాలి.

మూడోదాన్ని ముందు రైలు తెచ్చింది. దక్షిణ భారతదేశంలో మొదటి రైలు 1856 జూలై 1న మద్రాసు రాయపురం నుంచి ఆర్కాటు వైపు, నేటి వాలాజా రోడ్డు దాకా, తిరువళ్ళూరు మీదుగానే నడిచింది. అక్కడి వీరరాఘవ స్వామి కోవెలకు అమావాస్య నాడు వచ్చే జనం అప్పటిదాకా సత్రాల మీదో, ఇంటి నుంచి కట్టుకొచ్చిన మూటల మీదో ఆధారపడేవారు. మద్రాసు నుంచి వాయవ్యంగా బొంబాయి వైపు సాగిన మార్గం మీద తిరుత్తణి పడింది. 1871లో రాయచూరు దగ్గర రెండు కంపెనీల పట్టాలు కలిశాయి. స్టేషను ఉన్న చోట తెల్లారి తిండి అమ్ముడుపోతుంది.

అయితే ఎవరు వండాలి, ఎవరి పక్కన ఎవరు కూర్చోవాలి అన్న చిక్కు ఒకటి ఉండేది. మద్రాసు రాజధానిలో రైల్వే ఫలహారశాలల్లో బ్రాహ్మణులకు వేరే గది ఉండేది. ఉడుపి హోటళ్ళు ఇడ్లీ దోసెలను ఊరూరా పరిచయం చేసినవే గాని, అవీ ఆ కట్టుబాట్ల మధ్య పుట్టినవే. హోటలు బోర్డు మీద 'బ్రాహ్మణ' అన్న మాట ఉండరాదని 1957లో మద్రాసు తిరువల్లిక్కేణిలో మురళీ కేఫ్ ముందు పెరియార్ అనుచరులు ఆందోళన చేశారు. మరి మన అరుగు మీది కొట్టులో ఈ తేడాలేవీ లేవా అంటే, అలా చెప్పి ఊరుకోలేం. తమిళనాడు పల్లెల్లో ఎన్నో టీ కొట్లు దళితులకు వేరే గ్లాసు పెట్టిన చరిత్ర మన కాలం దాకా వచ్చింది. ఆడమనిషి నడిపే చిన్న కొట్టులో ఎవరు వండితే ఎవరు తింటారన్నదే ఆ వీధి అసలు చరిత్ర. పట్టణాల్లో అది చాలావరకు సడలింది. సడలడానికి ఉపన్యాసాలతో పాటు, ఆఫీసుకు ఆలస్యమవుతున్నవాడి ఆకలి కూడా పనిచేసింది.

రుబ్బే శ్రమను తగ్గించింది కోయంబత్తూరు గ్రైండరు. మొదట హోటళ్ళకు, తరవాత కలిగినవాళ్ళ ఇళ్ళకు వచ్చింది. పేదింటికి చేరడానికి చాలా కాలం పట్టింది. 2011 సెప్టెంబరులో అప్పటి ముఖ్యమంత్రి జయలలిత ఉచితంగా మిక్సీ, గ్రైండరు, ఫ్యాను ఇచ్చే పథకాన్ని మా జిల్లాలోనే, తిరువళ్ళూరు పక్కన కాక్కళూరులో మొదలుపెట్టారు. అదే ఏడు రేషను బియ్యం కూడా ఉచితమైంది. ఉచితాలను తిట్టేవాళ్ళను నేను రోజూ వింటుంటాను. ఆ గ్రైండరు ఇంట్లో తిరగడం మొదలుపెట్టాక అరుగు మీద కొప్పెర పెట్టిన ఆడవాళ్ళను వాళ్ళు చూడలేదేమో అనిపిస్తుంది. అదృష్టవంతుల్ని చేసిందని అనను. తెల్లవారి మూడింటికి లేవడం అదృష్టమేమీ కాదు. భర్త సంపాదన తాగుడుకు పోయిన ఇంట్లో పిల్లల ఫీజు కట్టడానికి ఒక దారి దొరికింది, అంతే.

ఇక ఆకులో మిగిలినది ఆ ఎర్ర చట్నీ. ఎర్రగడ్డ, ఎండు మిరప, కాస్త చింతపండు వేసి నూరుతారు. కొందరు తక్కాళి, అంటే టమాటా కలుపుతారు. శనక్కాయలు వేస్తే అది మా ఊరిబిండి. దీన్ని మించిన తెలుగు రుచి లేదని మనం గర్వపడతాం గదా, కాని మిరప పుట్టిల్లు మెక్సికో ప్రాంతం. కొలంబసు 1492లో అమెరికా దీవుల్ని చేరాక అది ఐరోపాకు వెళ్ళి, పోర్చుగీసు ఓడల్లో మన పశ్చిమ తీరానికి వచ్చింది. అంతకుముందు మన కారమంతా మిరియాలు, అల్లం, పిప్పళ్ళదే. కొత్తగా వచ్చిన కాయకు తెలుగువాడు మిరియాన్ని తలుచుకొని మిరపకాయ అన్నాడు. అరవవాడు మిళగును తలుచుకొని మిళగాయ్ అన్నాడు. పరాయి సరుకు వచ్చినప్పుడు రెండు భాషలూ ఒకే ఆలోచన చేశాయి. టమాటా పేరు కూడా మెక్సికో ప్రజల నహువా భాషలోని 'తొమాత్ల్' నుంచి వచ్చినదే. శనక్కాయ దక్షిణ అమెరికాది.

ఆ మెక్సికోలోనూ వీధి మలుపుల్లో ఇలాంటి చిన్న కొట్లు ఉంటాయి. అక్కడ బియ్యం బదులు మొక్కజొన్న. ముందురోజే గింజల్ని సున్నపు నీళ్ళలో ఉడికించి, రాత్రంతా నాననిచ్చి, పొద్దున్నే రుబ్బి, పలచని రొట్టె చేసి పెనం మీద కాలుస్తారు. అందులో చిక్కుడు గింజలో, గుడ్డో, మాంసమో పెట్టి, పైన మిరప చట్నీ వేసి మడిచి ఇస్తారు. దాన్ని టాకో అంటారు. సున్నం వేయడం రుచికి మాత్రమే అనుకోకండి. మొక్కజొన్నలో ఒంటికి పట్టకుండా ఉండే ఒక విటమిను దానివల్లనే అందుతుంది. ఈ కిటుకు నేర్చుకోకుండా గింజను మాత్రం పట్టుకుపోయిన ఐరోపా దేశాల్లో, మొక్కజొన్నే ఆధారమైన పేదలు పెలాగ్రా అనే జబ్బుతో చచ్చిపోయారు. అక్కడా ఆడవాళ్ళు రాతి మీద గంటల తరబడి రుబ్బారు. ఇరవయ్యో శతాబ్దంలో పిండిమరలు వచ్చాక గాని ఆ చాకిరీ తగ్గలేదు. టాకో అనే పేరు వెండి గనుల కూలీల నుంచి వచ్చిందని ఒక చరిత్రకారుడి అభిప్రాయం. అక్కడా అది మొదట పనివాడి తిండే.

మెక్సికో వంటకు 2010లో యునెస్కో వారసత్వ గుర్తింపు వచ్చింది. మెక్సికో నగరంలో 1968 నుంచి నడుస్తున్న ఒక టాకో కొట్టుకు, నిలబడి తినడానికే చాలినంత జాగా లేనిదానికి, 2024లో మిషెలిన్ నక్షత్రం ఇచ్చారు. పెద్ద పెద్ద హోటళ్ళు కలలుగనే గుర్తింపు అది. మన అక్క కొట్టుకు నక్షత్రం అక్కర్లేదు. కనీసం ఎవరైనా ఆమెను నాలుగు ప్రశ్నలడిగి రాసిపెడితే బాగుండును.

ఎందుకంటే సరిహద్దు కథను కాగితాలు సగమే చెబుతాయి. మద్రాసు నుంచి ఆంధ్ర విడిపోయాక తిరుత్తణి కోసం మ.పొ. శివజ్ఞానం నాయకత్వంలో తమిళులు పోరాడారు. ఇటు తెలుగువారూ పట్టుబట్టారు. పటాస్కర్ గ్రామాన్ని ప్రమాణంగా తీసుకొని, జనాభా లెక్కల్లోని భాషా సంఖ్యలు చూసి గీత గీశారు. దాన్నిబట్టి 1959లో చట్టం వచ్చింది. తిరుత్తణి తాలూకాలో ఎక్కువ భాగం మద్రాసుకు వచ్చింది. బదులుగా తిరువళ్ళూరు, పొన్నేరి తాలూకాల గ్రామాలు కొన్ని ఆంధ్రకు వెళ్ళాయి. ఎక్కడో ఒకచోట గీయక తప్పదు కాబట్టి గీశారు, దాన్ని నేను తప్పుపట్టను. కానీ ఆ లెక్కల కాగితంలో మాతృభాషకు ఒక్క గడే ఉంటుంది. అత్తతో అరవం, మొగుడితో తెలుగు, బేరగాళ్ళతో రెండూ మాట్లాడే ఈ ఆడమనిషిని ఆ గడిలో ఎలా రాసుకున్నారో!

2006లో తమిళనాడు ప్రభుత్వం బడుల్లో తమిళాన్ని దశలవారీగా తప్పనిసరి చేస్తూ చట్టం చేసింది. పదేళ్ళకు అది పదో తరగతికి చేరేసరికి, భాషా అల్పసంఖ్యాకుల పిల్లల పరీక్ష సంగతి కోర్టుల దాకా వెళ్ళింది. ఉన్న నేల భాష నేర్చుకోవడం న్యాయమే. రెండు భాషల్లో పాఠం చెప్పేవాడిగా అది నాకు బరువనిపించదు. నా బాధల్లా తెలుగు మాట్లాడే పిల్లలు తెలుగు అక్షరం చూడకుండానే పెద్దవాళ్ళయిపోతున్నారని. వాళ్ళకు ఈ భాష చెవిన పడే చోట్లు కొన్నే మిగిలాయి. వాటిలో పొద్దుటి పలహారపు కొట్టొకటి.

ఇప్పుడు బడిలోనే పొద్దుటి తిండి పెడుతున్నారు. 2022లో మొదలైన ఈ పథకాన్ని 2024 జూలై 15న పల్లెల్లోని ఎయిడెడ్ ప్రాథమిక పాఠశాలలకు విస్తరించారు, అదీ మా జిల్లాలోని కీళచ్చేరిలో. ఉప్మా, పొంగలి, కిచిడీ తిన్న పిల్ల పదకొండింటికి తల వాల్చి నిద్రపోదు. ఇది నేను నా కళ్ళతో చూస్తున్నాను. అరుగు కొట్టుకు పొద్దున్నే చిల్లర పట్టుకొని పరుగెత్తే చిన్నపిల్లలు తగ్గారని కూడా ఆ అక్క చెప్పింది. ఫిర్యాదుగా కాదు, సంగతిగా.

మొన్న నేను ఏడో తరగతి పిల్లలకు ఒక పని ఇచ్చాను. ఇంట్లో అమ్మమ్మనో, వీధిలో కొట్టు అక్కనో అడిగి, తిండి పేర్లు రెండు వరసల్లో, తెలుగులో ఒకటీ తమిళంలో ఒకటీ రాసుకు రమ్మన్నాను. తెలుగు లిపి రానివాళ్ళు తెలుగు మాటల్ని తమిళ అక్షరాల్లోనే రాసుకొచ్చారు. ఎర్రగడ్డ ఎదురుగా వెంగాయం ఉంది. పెనం ఎదురుగా దోసైక్కల్లు ఉంది. ఒక అమ్మాయి వడకర్రి ఎదురుగా తెలుగు గడిని ఖాళీ వదిలింది, ఊరిబిండి ఎదురుగా తమిళ గడిని ఖాళీ వదిలింది. ఎందుకు వదిలావమ్మా అంటే, "అక్కను అడిగాను సార్. దానికి అదే పేరు అంది" అని చెప్పింది.