సముద్రం లేని కర్నూలు నుంచి ఒక నేవీ కథ

కర్నూలు నుంచి సముద్రం చూడాలంటే రెండొందల కిలోమీటర్లు దాటి పోవాలి. మరి ఈ ఎపిసోడ్‌లో నేవీ హెలికాప్టర్ల గోల ఎందుకంటారా? చెప్తా. ముందు కొండారెడ్డి బురుజు దగ్గరికి పోదాం.

పాత కోటలకు బురుజులు ఎందుకు కట్టారు? శత్రువును దూరం నుంచే చూడటానికి. కడప జిల్లా గండికోట కూడా పెన్నా లోయ పైన ఎత్తులో కూర్చుంది అందుకే. ఎత్తు పెరిగితే చూపు పెరుగుతుంది.

ఓడకు వచ్చిన కష్టం కూడా ఇదే. భూమి గుండ్రం కదా! నీటికి 25 మీటర్ల ఎత్తున ఉన్న మనిషికి సుమారు 18 కిలోమీటర్ల దాకానే సముద్రం కనిపిస్తుంది. అదే 1,000 మీటర్ల పైనుంచి చూస్తే 110 కిలోమీటర్లకు పైగా కనిపిస్తుంది. ఓడలోని మిసైల్ వంద కిలోమీటర్లు పోతుంది సరే, గురి చూపేదెవరు? అంటే ఓడకు ఎగిరే బురుజు కావాలి. రన్‌వే లేకుండా చిన్న డెక్ మీద దిగాలి కాబట్టి అది హెలికాప్టరే కావాలి. అందులో పైలట్ లేకపోతే? చిన్న ఓడకైనా సరిపోతుంది, ప్రాణాలకు ముప్పూ ఉండదు.

ఈ ఆలోచన కొత్తదేం కాదు. 1960 డిసెంబర్‌లోనే అమెరికా నేవీ యుఎస్ఎస్ హేజిల్‌వుడ్ అనే ఓడ మీద పైలట్ లేని హెలికాప్టర్‌ను దింపింది. దాని పేరు డాష్. పని ఏంటంటే, సబ్‌మెరైన్ ఉన్న చోటుకు టార్పెడో మోసుకెళ్లి వదలడం. డెక్ మీద ఒకరు దాన్ని లేపుతారు, ఓడ లోపల ఇంకొకరు రాడార్ తెర చూస్తూ నడుపుతారు. వియత్నాం యుద్ధంలో దానికే టీవీ కెమెరా బిగించి, ఓడ ఫిరంగుల గుండ్లు ఎక్కడ పడుతున్నాయో చూశారు. ‘స్నూపీ’ అని ముద్దుపేరు కూడా పెట్టారు.

కానీ 700కు పైగా తయారుచేస్తే సగానికి పైగా పోయాయి. శత్రువు కూల్చాడా? చాలావాటి విషయంలో కాదు! ఎలక్ట్రానిక్స్‌లో ఒక్క భాగం చెడిపోతే, దాని బదులు పనిచేసే రెండోది లేదు. రేడియో లింక్ తెగితే అంతే సంగతులు. సముద్రంలో మునిగిన యంత్రాన్ని బయటికి తీసి తప్పెక్కడో వెతకడమూ కష్టమే.

మన దగ్గరా ప్రయత్నం జరిగింది. నేవీ పాత చేతక్ హెలికాప్టర్‌ను పైలట్ లేకుండా ఎగిరేలా మార్చాలని హెచ్ఏఎల్, ఇజ్రాయెల్ ఏరోస్పేస్ ఇండస్ట్రీస్ కలిసి పని మొదలుపెట్టాయి. అది నౌకాదళం చేతికి రాకుండానే ఆగిపోయింది.

ఇప్పుడు మళ్లీ కర్నూలుకు వద్దాం. ఓర్వకల్లు మండలంలో డీఆర్‌డీవో వాళ్ల టెస్ట్ రేంజ్ ఉంది. 2025 ఏప్రిల్‌లో ఇక్కడే లేజర్‌తో డ్రోన్లను కూల్చి చూపించారు. జులైలో ఇక్కడే డ్రోన్ నుంచి యూఎల్‌పీజీఎం-వీ3 మిసైల్‌ను ప్రయోగించారు. వదిలాక కూడా డేటా లింక్ ద్వారా దాని గురి మార్చొచ్చు.

ఇవి నేవీ హెలికాప్టర్లు కావు, నిజమే. కానీ డాష్‌ను ముంచిన ప్రశ్నే ఇక్కడా ఉంది: దూరంగా ఉన్న యంత్రానికీ మనిషికీ మధ్య లింక్ ఎంత గట్టిది? ఆ పరీక్ష మన ఎండిన నేల మీద చేస్తే, పడిపోయినా ముక్కలు ఏరుకుని తప్పు తెలుసుకోవచ్చు. వానలు లేవని మనం తిట్టుకునే ఖాళీ బీళ్లకు ఇదొక విలువ.

చివరిగా ఒక్క మాట. లింక్ తెగిన క్షణంలో ఆయుధమున్న డ్రోన్ ఏం చేయాలి? వెనక్కి తిరిగి రావాలా, సొంతంగా నిర్ణయం తీసుకోవాలా? తిరిగి రావాలనే నేనంటాను. బురుజు మీద కావలివాడు శత్రువును చూసి కేక వేసేవాడు, యుద్ధం చేయాలా వద్దా అన్నది మాత్రం ఇంకొకరు తేల్చేవారు. మీరేమంటారు? ఆలోచించండి. మళ్లీ కలుద్దాం.