‘ఫోనిస్తే తప్ప కూర్చోడు’: ఒక వాక్యానికి వ్యాఖ్య

మార్కాపురం, కంభం, గిద్దలూరు వైపు ఏ అంగన్‌వాడీ గుమ్మం దగ్గర కాసేపు నిలబడినా ఈ మాట చెవిన పడుతుంది: “మావాడు ఫోనిస్తే తప్ప ఒక్కచోట కుదురుగా కూర్చోడు మేడం.” చెప్పేది అమ్మ కావచ్చు, అవ్వ కావచ్చు. చిన్నపిల్లల ఏకాగ్రత గురించి మన ఇళ్లలో తిరిగే నమ్మకాలన్నీ ఈ ఒక్క వాక్యంలో ఇమిడి ఉన్నాయి. అందుకే కావ్యానికి రాసినట్టు దీనికీ పదం పదానికీ వ్యాఖ్య రాయవచ్చు.

మావాడు: వాడి వయసెంత? ఇది తేలితే గానీ మిగతా పదాలు అన్వయం కావు. చప్పుడైన వైపు తల తిప్పడం పసిగుడ్డుకూ వచ్చు. మనసు పక్కకు పోతుంటే పట్టి వెనక్కి తెచ్చుకోవడం వేరే శక్తి. దాన్ని ఏళ్ల తరబడి పరిశీలించిన మైకేల్ పోస్నర్, మేరీ రోత్‌బార్ట్ అనే మనోవిజ్ఞానవేత్తలు, మూడు నుంచి ఏడేళ్ల మధ్య అది చురుగ్గా ఎదుగుతుందని చూపించారు. దానికి ఆధారమైన మెదడు ముందు భాగం పూర్తిగా పక్వానికి రావాలంటే ఇరవై ఏళ్లు దాటాలి. కాబట్టి మూడున్నరేళ్ల వాణ్ని రెండో తరగతి చదివే అక్కతో పోల్చి తిట్టడం అన్యాయం. వయసును బట్టి ‘ఏడాదికి ఇన్ని నిమిషాలు’ అని కొందరు లెక్క చెబుతారు. నాకు ఆ లెక్క మీద గురి లేదు. అదే పిల్లవాడు నీళ్లతొట్టి దగ్గర అరగంట గడుపుతాడు, అన్నం పళ్లెం ముందు రెండు నిమిషాలు నిలవడు. ఏ లెక్క వేస్తారు?

ఫోనిస్తే తప్ప: వాక్యం బరువంతా ఇక్కడే ఉంది. ‘ఫోనిస్తే గంట కదలడు, అంటే ధ్యాస ఉన్నట్టే కదా’ అని చాలామంది ధైర్యం చెప్పుకుంటారు. కానీ కొత్త కదలిక, కొత్త రంగు, కొత్త మోత వచ్చిన ప్రతిసారీ చూపు దానంతట అదే అటు మళ్లుతుంది. పావ్‌లోవ్ కాలం నుంచీ తెలిసిన సంగతే ఇది. ఫోనులోని కార్టూను క్షణక్షణానికీ దృశ్యం మార్చి ఈ స్వభావాన్నే వాడుకుంటుంది. అక్కడ పట్టి ఉంచుతున్నది తెర. పిల్లవాడు తనంతట తాను దేన్నీ పట్టుకుని ఉండటం లేదు. ఏకాగ్రతకు కావలసిన కసరత్తు మాత్రం అలా తనంతట తాను పట్టుకుని ఉండటమే. రెండేళ్లు నిండేదాకా తెర వద్దనీ, ఆ తర్వాత నాలుగేళ్ల దాకా రోజుకు గంట మించవద్దనీ, అంతకన్నా తగ్గితే ఇంకా మంచిదనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. అన్నం పెట్టడానికే ఫోను పెట్టే ఇంట్లో ఆ గంట మధ్యాహ్నానికే అయిపోతుంది.

ఇందులో ఒక మినహాయింపు ఉంది, అది ఈ ప్రాంతానికి ముఖ్యం. వానలు మొహం చాటేసిన ఏడు ఇక్కడి ఊళ్ల నుంచి హైదరాబాదుకో బెంగళూరుకో కూలిపనికి వెళ్లే దంపతులు ఎందరో. పిల్లలు అవ్వతాతల దగ్గర ఉంటారు. రాత్రి వీడియో కాల్‌లో నాన్న “ఏం తిన్నావురా?” అని అడిగి, జవాబు విని, నవ్వితే, అది కార్టూను చూడటం లాంటిది కాదు. అమెరికా పిల్లల వైద్యుల సంఘం కూడా 2016 సూచనల్లో ఏడాదిన్నరలోపు పిల్లలకు తెరలు వద్దంటూనే వీడియో కాల్‌ను విడిచిపెట్టింది. ఆ కాల్‌ను కోసేయకండి.

ఫోను లాక్కుంటే చాలదు, ఆ చోట ఏదో ఒకటి ఉండాలి. చెన్ యూ, లిండా స్మిత్ 2016లో ఏడాది వయసు పిల్లల మీద ఒక పరిశీలన ప్రచురించారు. బిడ్డ చూస్తున్న బొమ్మనే తల్లో తండ్రో కూడా చూస్తే, పెద్దవాళ్లు చూపు తిప్పుకున్న తర్వాత కూడా బిడ్డ దాని మీద మరికాస్త సేపు నిలిచాడట. మనం సాధారణంగా చేసేది దీనికి తలకిందులు. వాడు చీమల బారును చూస్తుంటే “ఇటు చూడు, ఏ ఫర్ యాపిల్ చెప్పు” అంటాం. మార్కాపురం గనుల్లో రాయి పొర ఎటు ఉందో చూసి ఉలి పెడితే పలక చక్కగా విడివడుతుంది, అడ్డంగా కొడితే ముక్కలవుతుంది. పిల్లవాడి ధ్యాసా అంతే. చీమల దగ్గర కూర్చోండి. “ఎక్కడికి పోతున్నాయి?” అని ఒక్క మాట అడిగి ఊరుకోండి.

అది కుదరని వేళ ఇంటి పనే ఆట. అవ్వ పచ్చి కందికాయలు ఒలుస్తుంటే పక్కనే వాడికో గుప్పెడు పోస్తే సరి. వేరుశనక్కాయలైతే పప్పు ఒక గిన్నెలోకి, పొట్టు ఇంకో గిన్నెలోకి. పనికి మొదలూ చివరా కంటికి కనిపిస్తాయి, చేతికి పని ఉంటుంది, అయిపోయాక చూపించుకోవడానికి గిన్నె ఉంటుంది. నాలుగేళ్లలోపు పిల్లలకు మాత్రం గింజలు, చింతపిక్కలు ఇవ్వకూడదు, గొంతులో అడ్డం పడతాయి. పెద్ద పిల్లలైనా సరే, పెద్దవాళ్ల కంటి ముందే ఒలవాలి.

ఒక్కచోట: చోటు వాడికి ఇచ్చామా? నట్టింట్లో టీవీ మోగుతూనే ఉంటుంది, సీరియల్ పెద్దవాళ్లదే గానీ చెవులు పిల్లవాడివి కూడా. ఏడాది నుంచి మూడేళ్ల పిల్లలు ఆడుకుంటున్నప్పుడు పెద్దల కార్యక్రమం ఒకటి పక్కన నడిపించి చూసిన 2008 నాటి అమెరికా పరిశోధనలో, పిల్లలు టీవీని పెద్దగా చూడకపోయినా వాళ్ల ఆట ముక్కలు ముక్కలైంది. ఎవరూ చూడని టీవీని ఆపేయడం ఖర్చులేని పని. బొమ్మల సంగతీ ఇలాంటిదే. టొలీడో విశ్వవిద్యాలయం 2018లో ప్రచురించిన పరిశీలనలో పదహారు బొమ్మల మధ్య కన్నా నాలుగు బొమ్మలతోనే పిల్లలు ఎక్కువసేపు, ఎక్కువ రకాలుగా ఆడారు. బొమ్మలు కొనలేకపోయామని బాధపడే ఇళ్లకు ఈ కబురు అందాలి. చాప పరచిన ఒక మూల, రెండు గిన్నెలు, ఒక గరిటె చాలు.

కుదురుగా: ఈ పదంతో జాగ్రత్త. 1980ల్లో బాలకార్మికుల గురించి వచ్చిన రాతల్లో మార్కాపురం పలకల పరిశ్రమ పేరు తరచూ కనిపించేది. దేశమంతటా పిల్లలు అక్షరాలు దిద్దుకున్న పలకలను తయారు చేసిన చేతుల్లో పిల్లల చేతులూ ఉండేవి. వాళ్లూ కుదురుగానే కూర్చున్నారు. కదలకపోవడం ఒకటి, మనసు పెట్టడం ఇంకొకటి. నాలుగేళ్ల పిల్ల కాళ్లు ఊపుకుంటూ, తనలో తాను మాట్లాడుకుంటూ గీతలు గీస్తుంటే ఆమె ధ్యాస అక్కడే ఉంది. ఆ గొణుగుడు పనిని దారిలో పెట్టుకోవడానికే అని విగోట్‌స్కీ ఎప్పుడో చెప్పాడు. “నోర్మూసుకుని రాయి” అంటే ఆసరా తీసేసినట్టే.

పలక మాట వచ్చింది కనుక: నోటుబుక్కులు, ప్లాస్టిక్ పలకలు వచ్చాక ఇక్కడి రాయి ఇళ్ల గోడలకూ నేలకూ పరిచే బండగా మారింది. ఇంట్లో ఒక రాతిపలక ఉంచుకోమనే నా సలహా. దాని మీద ఒకే పని ఉంటుంది, తప్పు తుడిస్తే పోతుంది. మూడేళ్ల వాడికి ‘అ’ దిద్దించాల్సిన తొందరేమీ లేదు, సున్నాలూ గీతలూ చాలు. వాడు బలపం రాయకుండా కొరుక్కు తింటుంటే దాన్ని అల్లరి అనుకోవద్దు. మన్నూ బలపమూ తినే అలవాటుకు తరచుగా ఇనుము లోపం తోడుంటుంది, ఆ లోపం ధ్యాసనూ దెబ్బతీస్తుంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కన దేశంలో ఆరు నెలల నుంచి అయిదేళ్లలోపు పిల్లల్లో 67 శాతం మందికి రక్తహీనత ఉంది. ఏకాగ్రతకు టానిక్కు కొనేముందు రక్తపరీక్ష చేయించడం తెలివైన పని.

కూర్చోడు: ఎప్పుడు కూర్చోడు? మూడు నాలుగేళ్ల పిల్లలకు పగటి కునుకుతో కలిపి 10 నుంచి 13 గంటల నిద్ర, రోజు మొత్తంలో మూడు గంటల ఒంటి కదలిక కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019 సూచనలే చెబుతాయి. రాత్రి పదకొండుకు పడుకున్నవాడు, ఎండలకు జడిసి రోజంతా నాలుగు గోడల మధ్య ఉన్నవాడు కూర్చోలేడు. మార్కాపురం ఎండాకాలంలో ఆటకు మిగిలేది పొద్దున్నే, పొద్దువాలాక. ఆ రెండు వేళల్లో పరుగెత్తనిచ్చి, తర్వాత పలక ముందు పెట్టండి.

మేడం: ఈ పిలుపు ఊరికే వేసింది కాదు. పిల్లవాడు ఇంట్లోనే నిలవడా, అంగన్‌వాడీలో కూడానా అన్నది చెప్పగలిగేది ఆమే. రెండు చోట్లా, ఆరు నెలలకు పైగా, తోటి పిల్లల కన్నా బాగా ఎక్కువగా ఉంటే డాక్టరుకు చూపించాలి. వెనక నుంచి పిలిస్తే పలకనివాడికి ముందు చెవులు పరీక్షించాలి, జలుబు ముదిరి చెవిలో నీరు చేరినా వినికిడి తగ్గుతుంది. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందం అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు రావాలి. అది వచ్చే రోజు ఎప్పుడో మేడంను అడిగి తెలుసుకుని, ఆ రోజు పిల్లవాణ్ని ఇంట్లో ఉంచేసుకోకుండా పంపండి. అవ్వ కూడా వెంట వెళ్తే మంచిది. రాత్రి ఎన్నింటికి పడుకుంటాడో, బలపం తింటాడో లేదో డాక్టరుకు చెప్పగలిగేది ఆమే.